పంపు మార్చే ముందు

మనిషి నడవాలంటే అన్నం తినాలి. ఇంజను నడవాలంటే డీజిల్ తాగాలి. ముద్ద గొంతులో అడ్డం పడితే మనిషి ఉక్కిరిబిక్కిరి అవుతాడు. డీజిల్ దారిలో ఏదైనా అడ్డం పడితే ఇంజనుకూ అంతే. దగ్గుతుంది. ఆయాసపడుతుంది. చివరికి ఆగిపోతుంది.

రోడ్డు మీద లారీ ఆగితే పక్కకు తోసుకోవచ్చు. నడి సముద్రంలో బోటు ఆగితే? గాలి ఎటు తోస్తే అటు పోతుంది. పట్టిన చేప మీద ఐసు కరిగిపోతుంది. తాగే నీళ్ళు తరిగిపోతాయి. ఇంటి దగ్గర వాళ్ళు రేవు వైపు చూస్తూ కూర్చుంటారు.

అందుకే ఇంజను సంగతి డ్రైవరుకు ఒక్కడికే తెలిస్తే చాలదు. బోటు ఎక్కే ప్రతి కళాసీకీ తెలియాలి. బోటు ఓనరుకూ తెలియాలి. లెక్క చూసే ఇల్లాలికీ తెలియాలి.

డీజిల్ నడిచే దారి

పెద్ద బోటు డీజిల్ ఇంజనులో డీజిల్ ఈ వరసలో నడుస్తుంది.

ముందు ట్యాంకు. ట్యాంకు కింద ఒక కుళాయి. ఆ తరవాత నీటినీ మడ్డినీ పట్టే చిన్న గిన్నె. తరవాత చిన్న పంపు. దాన్ని ఫీడ్ పంపు అంటారు. తరవాత ఫిల్టర్లు. తరవాత పెద్ద పంపు. చివరికి నాజిళ్ళు. నాజిల్ డీజిల్‌ను పొగమంచులాగా చిమ్ముతుంది. అక్కడ అది మండుతుంది. ఇంజను తిరుగుతుంది.

పంపులు రెండున్నాయని గుర్తుంచుకోండి. చిన్న పంపు పని డీజిల్‌ను ట్యాంకు నుంచి లాగి పెద్ద పంపుకు అందించడం. దాని ఒత్తిడి తక్కువ. ఇంచుమించు కారు టైరులో గాలికి ఉన్నంత. పెద్ద పంపు ఒత్తిడి చాలా ఎక్కువ. టైరు గాలి కంటే ఎన్నో పదుల రెట్లు ఉంటుంది. నడిచే ఇంజనులో నాజిల్ పైపు విప్పి చెయ్యి అడ్డం పెట్టకూడదు. ఆ డీజిల్ చార సూదిలాగా చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న గాటులాగే కనిపిస్తుంది. లోపల కండ పాడైపోతుంది. అలా జరిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ పాఠం చిన్న పంపు గురించి. పెద్ద పంపును రేవులో విప్పకూడదు. దానికి తగిన వర్కుషాపు ఉంటుంది.

చిన్న పంపు ఎలా పనిచేస్తుంది?

ఊళ్ళో బోరింగు పంపు చూశారు కదా. పిడి కిందికి నొక్కితే నీళ్ళు పైకి వస్తాయి. వచ్చిన నీళ్ళు మళ్ళీ కిందికి పోకుండా లోపల వాల్వు ఆపుతుంది. చిన్న పంపూ అలాంటిదే. పెద్ద పంపులో తిరిగే ఇరుసు దీని ముషలకాన్ని తోస్తుంది. స్ప్రింగు దాన్ని వెనక్కి నెడుతుంది. ఇలా ముందుకూ వెనక్కూ ఆడుతుంది. రెండు వాల్వులు వంతుల వారీగా తెరుచుకుంటాయి. ఒకటి డీజిల్‌ను లోపలికి రానిస్తుంది. ఇంకొకటి బయటికి పంపుతుంది.

దాని నెత్తిన ఒక గుండ్రటి పిడి ఉంటుంది. అది చేతి పంపు. ఇంజను ఆగి ఉన్నప్పుడు దానితో డీజిల్ లాగవచ్చు.

రోగం గుర్తులు

చిన్న పంపు బలహీనపడితే ఈ గుర్తులు కనిపిస్తాయి.

ఇంజను నెమ్మదిగా ఉన్నంతసేపు బాగానే తిరుగుతుంది. రేజు ఇస్తే, వల లాగుతున్నప్పుడు బరువు పడితే, చచ్చిపోతుంది.

పొద్దున్నే స్టార్టు కాదు. చాలాసేపు చేతి పంపు కొట్టాలి.

ఇంజను చప్పుడు ఒక తీరుగా ఉండదు. ఎక్కుతుంది, తగ్గుతుంది.

పంపు కింద డీజిల్ చెమ్మ కనిపిస్తుంది.

ఆయిల్ కొలిచే పుల్ల తీస్తే ఆయిల్ పెరిగి ఉంటుంది. వాసన చూస్తే డీజిల్ వాసన వస్తుంది. ఈ గుర్తు చాలా ప్రమాదం. పంపు లోపలి సీలు అరిగి డీజిల్ ఆయిల్‌లోకి దిగుతోందన్న మాట. పలచబడ్డ ఆయిల్ ఇంజనును కాపాడలేదు. బేరింగులు పట్టేస్తాయి. ఆ ఇంజనును నడపకూడదు.

నల్ల పొగ ఎక్కువగా వస్తే అది డీజిల్ అందని రోగం కాదు. అప్పుడు గాలి ఫిల్టరు, నాజిళ్ళు చూపించాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. పైన చెప్పిన మొదటి మూడు గుర్తులు పంపు పోయినా వస్తాయి. ఫిల్టరు పూడినా వస్తాయి. పైపులో గాలి దూరినా వస్తాయి. జ్వరం వచ్చిందంటే అది మలేరియా అని వెంటనే చెప్పగలమా? చూడాలి. పరీక్ష చేయాలి. ఇదీ అంతే.

ఒక బోటు కథ

విశాఖపట్నం రేవు నుంచి వేటకు వెళ్ళే ఒక బోటు అనుకుందాం. డ్రైవరు పాతవాడు. పని తెలిసినవాడు. వల దించి లాగుతున్నారు. ఇంజను రేజు తగ్గింది. ఆగిపోయింది. అరగంట పోయాక సెల్ఫు కొడితే మామూలుగా స్టార్టయింది. గంటసేపు నడిచింది. మళ్ళీ ఆగింది.

"పంపు పోనాది" అన్నాడు డ్రైవరు.

రేవుకు వచ్చారు. కొత్త పంపు కొన్నారు. బిగించారు. మళ్ళీ వేటకు వెళ్ళారు. మొదటి వల సగం లాగేసరికి ఇంజను మళ్ళీ ఆగింది. రెండు వేటలు పోయాయి. డీజిల్ ఖర్చు, ఐసు ఖర్చు, పంపు ఖర్చు మీద పడ్డాయి. కళాసీలు పంచుకోవడానికి వాటా మిగల్లేదు.

ఓనరు భార్య లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది.

"మావా, పంపు పోనాదని ఎలా తెలిసింది?" అని అడిగింది.

"ఇన్నేళ్ళు సేసినాను. నాకు తెల్దేటమ్మా?" అన్నాడు డ్రైవరు.

"తెలుసు మావా. నీకు తెలీక కాదు. కానీ పంపు పాడైతే పాడైనట్టే ఉండాలి కదా. అరగంటకి మళ్ళీ ఎలా బాగయింది?"

డ్రైవరు ఆలోచనలో పడ్డాడు. మూల కూర్చున్న కుర్ర కళాసీ అన్నాడు, "ఇంజను లాగినప్పుడు ఏదో వచ్చి అడ్డం పడతంది మావా. ఆగినాక అది జారిపోతంది."

"ట్యాంకు సూద్దాం పదండి" అన్నాడు డ్రైవరు.

ట్యాంకు ఖాళీ చేసి చూశారు. అడుగున పాత బనీను ముక్క ఉంది. ఎప్పుడో ట్యాంకు తుడిచినప్పుడు లోపల పడిపోయింది. ఇంజను డీజిల్ లాగినప్పుడల్లా అది పైపు మూతికి అతుక్కుంటోంది. ఇంజను ఆగితే ఊడిపోతోంది. పంపు తప్పు ఏమీ లేదు.

పాత పంపును శుభ్రం చేసి, గుడ్డలో చుట్టి, బోటులోనే దాచుకున్నారు. డ్రైవరు అనుభవం తప్పు కాదు. తొందర తప్పు. ట్యాంకు నుంచి వరసగా చూసుకుంటూ వస్తే ఆ రెండు వేటలూ దక్కేవి.

వరసగా చూడండి

1. ట్యాంకులో డీజిల్ ఎంత ఉందో పుల్ల పెట్టి చూడండి. అడుగంటితే బోటు ఊగినప్పుడు పైపు డీజిల్‌కు బదులు గాలిని లాగుతుంది.

2. ట్యాంకు మూత వదులు చేయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, ఆ తరవాత ఇంజను బాగా నడిస్తే, గాలి బెజ్జం పూడిపోయిందన్న మాట. దాన్ని శుభ్రం చేస్తే చాలు.

3. కుళాయి పూర్తిగా తెరిచి ఉందా, చూడండి.

4. గిన్నె విప్పి చూడండి. లీటరు నీరు కిలో బరువు. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు. అందుకే నీరు కిందికి దిగుతుంది, డీజిల్ పైన ఉంటుంది. నీరు, తుప్పు, మడ్డి ఉంటే పారబోసి కడగండి. కడగడానికి డీజిలే వాడండి. నీళ్ళు వాడకండి.

5. ఫిల్టర్లు ఎప్పుడు మార్చారు? గుర్తు లేకపోతే మార్చేయండి. పంపు కంటే ఫిల్టరు చవక.

6. గాలి ఎక్కడ దూరుతోందో చూడండి. పంపు దాటిన తరవాత పైపు వదులైతే డీజిల్ బయటికి కారుతుంది. కంటికి కనిపిస్తుంది. పంపుకు ముందు పైపు వదులైతే అంత సులువుగా తెలియదు. పంపు అక్కడి నుంచి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ జాయింట్లు ఒక్కొక్కటీ బిగించి చూడండి. రబ్బరు పైపు చిట్లిందేమో వంచి చూడండి.

ఈ ఆరూ చూశాకే పంపు దగ్గరికి రండి.

పంపుకు మూడు పరీక్షలు

ఈ పరీక్షలు రేవులో చేయాలి. ఇంజను చల్లారి ఉండాలి. బీడీ, సిగరెట్టు దూరంగా పెట్టాలి. దగ్గర ఇసుక బకెట్టు, మంటలార్పే సిలిండరు ఉండాలి. డీజిల్ మంట మీద నీళ్ళు పోయకూడదు. డీజిల్ నీళ్ళ మీద తేలి మంట ఇంకా పాకుతుంది.

మొదటిది డబ్బా పరీక్ష. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపు విప్పండి. దానికి బదులు ఒక శుభ్రమైన పైపు తగిలించండి. రెండో కొసను మంచి డీజిల్ ఉన్న డబ్బాలో ముంచండి. చేతి పంపు కొట్టి ఇంజను స్టార్టు చేయండి. రేజు ఇవ్వండి. బాగా నడిస్తే పంపు మంచిదే. తప్పు ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉంది. అప్పటికీ నడవకపోతే రెండో పరీక్ష చేయండి.

రెండోది సీసా పరీక్ష. పంపు నుంచి ఫిల్టరుకు పోయే పైపు విప్పి కింద సీసా పెట్టండి. ఇంజను స్టార్టు కాకుండా ఒకరు స్టాపు వైరు లాగి పట్టుకోవాలి. ఇంకొకరు పది సెకన్లు సెల్ఫు కొట్టాలి. పంపు మంచిదైతే డీజిల్ ఆగి ఆగి జోరుగా చిమ్ముతుంది. సన్నగా కారితే, లేక అసలు రాకపోతే, పంపులోనే లోపం ఉంది. సెల్ఫు అదే పనిగా కొట్టకండి. మోటారు కాలిపోతుంది.

మూడోది చేతి పరీక్ష. ఇప్పుడు చేతి పంపు కొట్టండి. చేత్తో కొడితే జోరుగా వచ్చి, సెల్ఫు కొడితే రాకపోతే, లోపలి ముషలకం అరిగింది, లేక స్ప్రింగు విరిగింది. చేత్తో కొట్టినా రాకపోతే వాల్వులు పాడయ్యాయి, లేక వాల్వు కింద మడ్డి చేరింది. వాల్వులు విప్పి కడిగి చూడండి. ఒక్కోసారి దానితోనే బాగవుతుంది. వాల్వులు, స్ప్రింగులు, సీళ్ళు విడిగా కూడా దొరుకుతాయి. అరుగుదల తక్కువైతే కొత్త పంపు అక్కర్లేదు.

కొత్త పంపు కొనేటప్పుడు

పంపు ఒంటి మీద రేకు మీదగానీ, పోతలోగానీ అక్షరాలు, అంకెలు ఉంటాయి. అదే దాని చిరునామా. చూడడానికి ఒకేలా ఉన్న పంపులు చాలా ఉంటాయి. కొలతలో తేడా ఉంటే బిగుసుకున్నా పనిచేయవు. గుడ్డతో తుడిచి ఆ నంబరు ఉన్నదున్నట్టు రాసుకోండి. ఇంగ్లీషు అక్షరాలు రాకపోతే బొమ్మ వేసినట్టు వేసుకోండి. ఫోనులో ఫొటో తీసుకున్నా మంచిదే. పాత పంపు వెంట తీసుకువెళ్తే ఇంకా మంచిది.

ఇంకొక మాట. మెకానిక్కులు ఇప్పటికీ "మైకో పంపు" అంటారు. మైకో కంపెనీ 1951లో మొదలైంది. అది జర్మనీ బాష్ కంపెనీకి చెందినది. 2008లో దాని పేరు బాష్ అని మారింది. కాబట్టి కొత్త పెట్టె మీద మైకో అనే పేరు లేదని కంగారు పడకండి. పేరు కంటే నంబరు ముఖ్యం. బిల్లు తప్పక అడగండి.

పంపు మార్చే పద్ధతి

1. బ్యాటరీ వైరు తీసేయండి. డీజిల్ కుళాయి కట్టేయండి.

2. పంపు చుట్టూ బ్రష్షుతో, డీజిల్‌తో శుభ్రం చేయండి. ఇసుక రేణువు లోపల పడితే పెద్ద పంపును తినేస్తుంది.

3. కింద పళ్ళెం పెట్టండి. రెండు పైపులూ విప్పండి. ఏది ఎటో గుర్తు పెట్టుకోండి. పైపు మూతులకు శుభ్రమైన ప్లాస్టిక్ కవరు చుట్టి కట్టండి.

4. పంపును పట్టి ఉంచిన నట్లు కొంచెం కొంచెంగా విప్పండి. లోపల స్ప్రింగు నెడుతూ ఉంటుంది. చెయ్యి పట్టుకుని మెల్లగా తీయండి.

5. పాత ప్యాకింగు ముక్కలు గీకేయండి. ఒక్క ముక్క కూడా లోపల పడకూడదు.

6. కొత్త ప్యాకింగు పెట్టి కొత్త పంపు ఆనించండి. చక్కగా కూర్చోకపోతే నట్లతో బలవంతంగా లాగకండి. ఇంజనును చేత్తో కొంచెం తిప్పండి. ఇరుసు పల్లం వైపు వస్తే పంపు సులువుగా కూర్చుంటుంది.

7. నట్లు ఒకదాని తరవాత ఒకటి సమంగా బిగించండి. పైపుల దగ్గర కొత్త రాగి వాషర్లు వేయండి. పాత వాషరు నలిగి ఉంటుంది. దాని సందులోంచే గాలి దూరుతుంది.

ఎయిర్ తీయడం

పైపులు విప్పాం కాబట్టి లోపల గాలి చేరింది. దాన్నే ఎయిర్ పట్టిందంటారు. అది తీయకపోతే ఎంత మంచి పంపైనా పనిచేయదు.

కుళాయి తెరవండి. ముందు ఫిల్టరు మీద ఉన్న స్క్రూ వదులు చేయండి. చేతి పంపు కొట్టండి. మొదట నురగ వస్తుంది. తరవాత బుడగలు వస్తాయి. చివరికి బుడగ లేని డీజిల్ వస్తుంది. చేతి పంపు కొడుతూనే స్క్రూ బిగించండి. తరవాత పెద్ద పంపు మీద ఉన్న స్క్రూ దగ్గర కూడా ఇలాగే చేయండి. పని అయ్యాక చేతి పంపు పిడిని కిందికి నొక్కి, తిప్పి బిగించండి. చాలామంది ఇదే మర్చిపోతారు.

ఒలికిన డీజిల్ తుడవండి. బ్యాటరీ వైరు తగిలించి స్టార్టు చేయండి. పది నిమిషాలు నెమ్మదిగా తిప్పండి. జాయింట్ల దగ్గర పొడి గుడ్డ ఒత్తి చూడండి. చెమ్మ లేకపోతే రేజు ఇవ్వండి. ఆయిల్‌లో డీజిల్ కలిసి ఉంటే ఆయిల్, ఆయిల్ ఫిల్టరు మార్చాకే ఇంజను తిప్పాలి. మొదటి రోజు రేవు దగ్గరే తిప్పి చూడండి. ఆ తరవాతే దూరం వెళ్ళండి.

ఎప్పుడు చేసుకోవాలి?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. బోట్లు రేవులోనే ఉంటాయి. ట్యాంకు కడగడానికి, పైపులు మార్చడానికి, పంపు చూపించుకోవడానికి అదే మంచి సమయం. ఇంజను పని పద్ధతిగా నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్ళకు విశాఖపట్నంలో కేంద్ర ప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థ ఉంది. దాన్ని సిఫ్‌నెట్ అంటారు.

సముద్రంలోనే ఇంజను ఆగిపోతే ముందు లంగరు వేయండి. లోతు ఎక్కువై లంగరు అందకపోతే బోటు ఎటు కొట్టుకుపోతోందో గమనిస్తూ ఉండండి. వరసగా చూడండి. మీ వల్ల కాకపోతే పరువుకు పోకండి. వైర్‌లెస్‌లో 16వ చానల్ మీద చెప్పండి. ఫోను అందితే 1554కు చేయండి. అది కోస్టు గార్డు నంబరు. దూరం వెళ్తే ఫోను అందదు. అందుకే వైర్‌లెస్ బాగుందో లేదో బయలుదేరే ముందే చూసుకోవాలి.

బోటు పుస్తకం

ప్రతి బోటులో ఒక నోటు పుస్తకం ఉండాలి. నీళ్ళు తగలకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టాలి. అందులో ఇవి రాయాలి.

ఫిల్టరు మార్చిన తేదీ. ఆయిల్ మార్చిన తేదీ. గిన్నెలో నీరు తీసిన తేదీ. పంపు నంబరు. ఇంజను ఆగితే ఎప్పుడు ఆగింది, ఏం చేస్తే నడిచింది.

నోటి మాట గాలికి పోతుంది. డ్రైవరు మారితే తెలిసినదంతా ఆయన వెంటే పోతుంది. రాసుకున్నది బోటులో ఉంటుంది. కొత్త డ్రైవరుకు అదే దారి చూపుతుంది. చదవడం నేర్చుకున్నవాళ్ళు బోటులో ఒక్కరున్నా ఈ పని చేయవచ్చు.

చెప్పండి – రాయండి

1. డీజిల్ నడిచే దారిని వరసగా చెప్పండి.

2. కథలో బోటు ఇంజను అరగంట తరవాత మళ్ళీ ఎందుకు నడిచింది?

3. డబ్బాతో ఇంజను బాగా నడిస్తే తప్పు ఎక్కడ ఉన్నట్టు?

4. ఆయిల్‌లో డీజిల్ వాసన వస్తే ఏం చేయాలి?

5. లీటరు డీజిల్ 830 గ్రాములు. 200 లీటర్ల డ్రమ్ములో డీజిల్ ఎన్ని కిలోలు? లెక్క కట్టండి. 166 వస్తే మీ లెక్క సరి.

6. మీ ఊళ్ళో ఒక బోటు దగ్గరికి వెళ్ళండి. అడిగి, దాని పంపు నంబరు మీ పుస్తకంలో రాసుకురండి.